పదకొండో టేబుల్ కోతులు

నేను ముప్పై మూడేళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పాను. అన్నేళ్ళలో ఎవరికీ అర మార్కు ఊరికే వేయలేదు, ఎవరి దగ్గరా అర మార్కు ఊరికే కోయలేదు. కరీంనగర్‌లో ఈ సంగతి చాలామందికి తెలుసు. అందుకే నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి, ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటలను సొంతంగా తయారుచేసేవాళ్ళకు ఒక పోటీ పెడుతున్నామని, దానికి నేను జడ్జిగా ఉండాలని అడిగినప్పుడు ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆటలు తెల్వయ్ గదరా," అన్నాను.

"ఆటలు తెలిసినోళ్ళు ఇద్దరు దొరికిన్రు సార్. మార్కులు తెలిసినోళ్ళే దొరుకుతలేరు," అన్నాడు వాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మీరు కూసుంటే ఎవ్వరూ నోరు తెరువరు సార్."

మా కుటుంబానికి సుల్తానాబాద్ వైపు ఒకప్పుడు పెద్ద గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. భూములు కొన్ని భూపరిమితి చట్టంలో పోయాయి, కొన్ని కోర్టుల్లో పోయాయి, మిగిలినవి మా పెదనాయనలు పెట్టిన విందుల్లో పోయాయి. గడి ఉన్న చోట ఇప్పుడు వడ్ల గోదాము ఉంది. నా వంతుకు మిగిలింది కరీంనగర్‌లో మూడు గదుల ఇల్లు, తాత కూర్చున్న టేకు కుర్చీ, వంగని నడుము. పోయినదాన్ని గురించి నేను ఎవరి దగ్గరా వాపోలేదు. పోయిన భూమి గురించి మాట్లాడేవాడు ఉన్న పరువును కూడా పోగొట్టుకుంటాడని మా నాయన అనేవాడు. ఆయన మాటల్లో నేను పూర్తిగా ఒప్పుకునే మాట అదొక్కటే.

జడ్జిగా ఉంటాను గాని నిబంధనలు నేనే రాస్తానన్నాను. వాడు సరేనన్నాడు. ఒక కాగితం మీద మూడే మూడు రాశాను. మొదటిది, ఒక్కో ఆటకు ఐదు అంశాలు, ఒక్కో అంశానికి పది మార్కులు: ఆలోచన, బొమ్మలు, చప్పుళ్ళు, ఆటలోని కష్టం, మళ్ళీ ఆడాలనిపించడం. రెండోది, జడ్జి ఆడుతున్నంతసేపు ఆట తయారుచేసినవాళ్ళు పది అడుగుల దూరంలో నిలబడాలి, సైగలు చేయకూడదు. మూడోది, ఒక జడ్జి వేసిన మొత్తానికీ మిగతా ఇద్దరు వేసినదానికీ పది మార్కులు దాటి తేడా వస్తే, ఆ జడ్జి తగిన కారణం చెప్పాలి, లేదా ఆ ఆటను అందరి ముందూ మళ్ళీ ఆడాలి.

ఆ మూడోదాన్ని ఎవరి కోసం రాశానో నాకు బాగా తెలుసు. పేపరు విప్పకుండానే మార్కులు వేసే మాస్టర్లను నేను చాలామందిని చూశాను. ఆట ముట్టకుండా మార్కులు వేసే జడ్జి ఎవడైనా ఉంటే ఇందులో దొరుకుతాడు అనుకున్నాను.

పోటీ ఒక ఆదివారం, కరీంనగర్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ఇరవై రెండు టేబుళ్ళు వేశారు. ఆదిలాబాద్ నుంచి, మంచిర్యాల నుంచి, చెన్నూరు నుంచి, చుట్టుపక్కల చిన్న ఊళ్ళ నుంచి వచ్చారు. నాతోపాటు ఇద్దరు జడ్జీలు. ఒకామె హైదరాబాద్ నుంచి వచ్చింది, ఆటలు తయారుచేయడమే ఆమె ఉద్యోగం. ఇంకొకాయన ఆదిలాబాద్‌లో కంప్యూటర్ నేర్పే కేంద్రం నడుపుతాడు. మాట్లాడుతుంటే మధ్యలో మరాఠీ ముక్కలు దొర్లుతాయి, ప్రతిదానికీ నవ్వుతాడు. ముగ్గురం ఒకరి వెంట ఒకరం కాకుండా వేరువేరుగా తిరిగి ఆడాలి. మొదటి బహుమతి ఒక లాప్‌టాప్. రెండో బహుమతి గోడకు తగిలించుకునే పత్రం. మూడోది లేదు.

లక్సెట్టిపేట యువకుడి ఆటలో గోదావరి మీద తెప్ప నడపాలి. తెప్ప నది నడుమకు పోగానే తెర నల్లబడిపోయింది.

"తెప్ప మునిగిందనుకోండ్రి సార్," అన్నాడు అతను, పది అడుగుల దూరం నుంచి.

"మునిగితే మునిగినట్టు చూపియ్యాలె," అని పద్నాలుగు వేశాను.

ఆదిలాబాద్ అన్నదమ్ములిద్దరు ఘాట్ రోడ్డు మీద పాత బస్సును కిందికి దింపే ఆట చేశారు. బ్రేకులు సగమే పడతాయి, పొగమంచులో ఎదురుగా లారీలు వస్తాయి. బస్సును తొమ్మిదిసార్లు లోయలో పడేశాను. అది మంచి ఆట. నలభై ఒకటి వేశాను. అప్పటికి నేను వేసిన మార్కుల్లో అదే ఎక్కువ.

పదకొండో టేబుల్ దగ్గర ముప్పై ఏళ్ళు దాటిన ఒకామె నిలబడి ఉంది. సుల్తానాబాద్‌లో జిరాక్స్ దుకాణంలో పనిచేస్తుందట. ఆట దేని మీద తయారుచేశారని అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను.

"దుకాణంల ఉన్న కంప్యూటర్ మీదనే సార్. పగటీలి గిరాకీ లేనప్పుడు. రెండేండ్లు పట్టింది."

"ఇంకా చెయ్యాల్సింది ఉన్నదా?"

"మస్తు ఉన్నది. కని దుకాణం మూసేస్తుండ్రు. వచ్చే నెల ఆ కంప్యూటర్ గూడ పోతది. గీడ ఫస్ట్ వస్తె లాప్‌టాప్ ఇస్తరట గద. రాకపోతె ఇగ ఇంతే."

బతిమాలినట్టు అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. అది నాకు నచ్చింది. అయినా నచ్చడానికి మార్కులు లేవు.

ఆమె నిబంధన ప్రకారం పది అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరం పోయింది. ఆమె తండ్రి మాత్రం టేబుల్ దగ్గరే ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. నన్ను చూస్తూనే భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇప్పుడు అట్లా చేసేవాళ్ళు లేరు.

"దొరా, మంచిగున్నరా? నేను మీ ఊరోన్నే. గడి ఎనుక సందుల ఉంటుండె మా ఇల్లు."

నన్ను దొరా అని ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో. బయట నేను సార్‌ను. ఆ పిలుపు నాకు చల్లగా తగిలిందని ఒప్పుకుంటున్నాను. మంచిగున్నానన్నాను. అతను ఆట ఉన్న టాబ్‌ను తువ్వాలతో తుడిచి, వేలితో ఏదో అటూ ఇటూ జరిపి, రెండు చేతులతో నాకు అందించాడు.

ఆట ఇది. మనకు ఒక మక్కచేను ఉంటుంది. మొక్కజొన్న ఐదు రోజుల్లో కోతకు వస్తుంది. ఆ ఐదు రోజులూ కోతుల గుంపు నుంచి దాన్ని కాపాడుకోవాలి. చేతిలో నాలుగు సాధనాలు ఉంటాయి: రాళ్ళు విసిరే గులేరు, ఖాళీ డబ్బాల మోత, కొండెంగ బొమ్మ వేసిన ఫ్లెక్సీ, ఎలుగుబంటి వేషం కట్టే కూలి మనిషి. మా వైపు రైతులు నిజంగా చేసే పనులే ఇవి. కొండెంగను, అంటే కొండముచ్చును చూస్తే కోతులు దగ్గరికి రావు, అందుకని ఆ బొమ్మ పెడతారు.

నా కోతులు ఒక్కొక్కటే వచ్చాయి. గట్టు మీద కూర్చున్నాయి. నేను డబ్బా మోగించేలోపే లేచి వెళ్ళిపోయాయి. పది నిమిషాల్లో ఐదు రోజులూ అయిపోయాయి. ఒక్క కంకి కూడా పోలేదు. టాబ్ కింద పెట్టేసరికి ముసలాయన నవ్వుతూ, "గెలిచిన్రు దొరా," అన్నాడు. నేను తల ఊపి పక్కకు వచ్చి మార్కులు వేశాను. ఆలోచనకు ఏడు, బొమ్మలకు ఐదు, చప్పుళ్ళకు ఆరు, కష్టానికి ఒకటి, మళ్ళీ ఆడాలనిపించడానికి రెండు. మొత్తం ఇరవై ఒకటి. పక్కన, ‘ఇందులో పోటీ లేదు’ అని రాశాను.

మూడు గంటలకు మార్కులు కూడడానికి జడ్జీలం వెనక గదిలో కూర్చున్నాం. నా విద్యార్థి కాగితాలు ముందు వేసుకుని కూడుతూ కూడుతూ ఒకచోట ఆగాడు.

"సార్, పదకొండో నంబర్ కాడ జర పరేషానున్నది. మేడమ్ నలభై నాలుగు వేసిన్రు. ఈ సార్ నలభై మూడు. మీరు ఇరవై ఒకటి."

"అయితే?"

"మూడో రూల్ సార్." వాడు గొంతు తగ్గించాడు. "ఫికర్ జేయకుండ్రి. మీరు ఇంకొన్ని కలిపితే ఎవ్వరికీ తెల్వది."

"కలుపుడు లేదు. కారణం చెప్తా," అని ఆ ఇద్దరి వైపు తిరిగాను. "ఆ ఆటలో పస లేదు. పది నిమిషాలల్ల గెలిచిన. ఒక్క కంకి పోలే."

హైదరాబాద్ ఆమె పెన్ను కింద పెట్టింది. "గెలిచారా సార్? ఐదు రోజులూ?"

"ఐదు."

"నేను మూడుసార్లు ఆడాను. మూడో రోజు దాటలేకపోయాను. ఆ కోతులు మనం చేసేది చూసి నేర్చుకుంటాయి సార్. ఈ పోటీలో అంత తెలివైన పని ఇంకెవరూ చేయలేదు."

ఆదిలాబాద్ ఆయన నవ్వాడు. "నా చేను రెండో దినమే సాఫ్ అయింది సార్. మీ మొకం చూసి కోతులు గూడ దండం వెట్టి పోయినయా ఏంది?"

అతను సరదాకే అన్నాడు. నా చెవులు మాత్రం కాలిపోయాయి. అతను అన్నది నిజమేనని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

గడిలో పదేళ్ళు వచ్చేదాకా, గవ్వలు వేసి ఆడే పచ్చీసులో నేను ఎవరి చేతిలోనూ ఓడలేదు. మా తాత కూడా ఎన్నడూ ఓడలేదు. అది మా వంశంలో ఉన్న గుణం అనుకునేవాణ్ని. తర్వాత కరీంనగర్ హాస్టల్లో చేరాను. చెన్నూరు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు నన్ను వరసగా ఏడు ఆటలు ఓడించాడు. నీ గవ్వలు మంచివి కావన్నాను. అయితే నీవి తీసుకో అన్నాడు. నా గవ్వలతో ఎనిమిదోది కూడా ఓడాను. ఊళ్ళో నేను ఏనాడూ గెలవలేదని, నన్ను గెలిపించారని ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఏ ఆటా ముట్టలేదు. ఇన్నాళ్ళకు ముడితే, మళ్ళీ అదే జరిగింది. ఈసారి దానికి నష్టపోయేది నేను కాదు. నా ఇరవై ఒకటితో ఆ ఆట మొత్తం నూట ఎనిమిది దగ్గర ఆగిపోతుంది. బస్సు ఆటకు నూట ఇరవై మూడు ఉన్నాయి.

లేచి పదకొండో టేబుల్ దగ్గరికి వెళ్ళాను. మిగతావాళ్ళు నా వెనకే వచ్చారు.

"నేను ఆడింది, వీళ్ళు ఆడింది ఒక్కటే ఆటనా?" అని ఆమెను అడిగాను.

"ఒక్కటే సార్," అంది. టాబ్ తీసి చూసింది. చూసి తండ్రి వైపు తిరిగింది. "బాపు, గీ గీత ఎవలు జరిపిన్రు?"

తెరకు ఒక పక్కన నిలువు గీత ఉంది. దాని మీద ‘కోతుల తెలివి’ అని రాసి ఉంది. అది అడుగుకంటా దిగిపోయి ఉంది.

"నేనే గుంజిన బిడ్డా," అన్నాడు ముసలాయన.

"ఎందుకు?"

"దొర గింత మందిల ఓడిపోతడా? బాగుండది."

"రెండేండ్లు కోతులకు తెలివి నేర్పిన బాపు. ఒక్క ఏలుతోని తీసేసినవ్," అంది ఆమె. గొంతు పెంచలేదు. కుర్చీలో కూర్చుని టాబ్‌ను ఒళ్ళో పెట్టుకుంది.

అతను ఆమెకు కాదు, నాకు జవాబు చెప్పాడు. "మా బాపు మీ తాతతోని పచ్చీసు ఆడేటోడు దొరా. ముప్పై ఏండ్లు ఆడిండు. ఒక్కనాడు గెలువలే."

"ఆట రాకనా?"

"రాకేంది. ఇంటికాడ మమ్మల్నందర్ని ఓడగొట్టేటోడు. గడికి పోయి ఓడిపోయి వచ్చేటోడు. గదీ ఒక పనే ఉండె."

ఇంతలో బస్సు ఆట అన్నదమ్ముల్లో పెద్దవాడు ముందుకు వచ్చాడు. "సార్, జడ్జిని బట్టి ఆట మారిస్తె ఎట్ల? ఈ ఎంట్రీని తీసెయ్యాలె గద."

"నీ మాటల తప్పు లేదు," అన్నాను. "మార్చింది తయారుజేసినామె కాదు. తండ్రిని టేబుల్ కాడ నిలవడనిచ్చింది నేను. కారణం చెప్పలేని జడ్జి ఏం జెయ్యాల్నో నేనే రాసిన. అందరి ముందట మళ్ళ ఆడాలె. ఆ ఇద్దరు ఎక్కడ పెట్టి ఆడిన్రో, గీతను అక్కడికే తేవాలె, వెంట్రుకవాసి కిందికి వద్దు, మీదికి వద్దు. చేసేది నువ్వే. నీ చేతులతోనే పెట్టు."

అతను ఇద్దరు జడ్జీలను అడిగి, గీతను సరిగ్గా నడుమకు జరిపాడు.

"పెద్ద తెర మీదనా సార్?" అని అడిగాడు నా విద్యార్థి. వాడి ముఖంలో భయం కనబడింది. ఆ హాల్లో నా దగ్గర చదువుకున్నవాళ్ళు కనీసం ఇరవై మంది ఉన్నారు.

"పెద్ద తెర మీదనే."

"వద్దు దొరా," అన్నాడు ముసలాయన.

ఆమె మాత్రం నన్ను సూటిగా చూసింది. "సార్, కోతులు ఊకోవు మల్ల."

"ఊకోవద్దు," అన్నాను.

వేదిక మీద కుర్చీ వేశారు. దాని వీపుకు ఆనకుండా కూర్చున్నాను. మొదటి రోజు కోతులు తూర్పు నుంచి వచ్చాయి. గులేరు కొట్టాను. మూడు కంకులు పోయాయి, పరవాలేదనుకున్నాను. రెండో రోజు తూర్పున కొండెంగ ఫ్లెక్సీ పాతించాను. రెండు కోతులు తూర్పు గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాయి. నేను వాటిని చూస్తూ ఉండిపోయాను. మిగతా గుంపంతా పడమర నుంచి దిగింది. ఉన్న డబ్బాలన్నీ మోగించి ఎట్లాగో తరిమాను. నాలుగు వరసలు పోయాయి. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మూడో రోజు ఫ్లెక్సీని పడమరకు మార్చాను. ఒక పిల్లకోతి వచ్చింది. కొండెంగ ముఖాన్ని చేత్తో తడిమింది. వెనక్కి తిరిగి తనవాళ్ళను చూసింది. ఆ తర్వాత ఫ్లెక్సీ పైకెక్కి, కొండెంగ నెత్తి మీద కూర్చుని కంకి ఒలిచింది.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

నాలుగో రోజుకు చేను సగం మిగిలింది. ఎలుగుబంటి వేషం మనిషిని దింపాను. కోతులు పరుగో పరుగు. గెలుపు అందిందనుకున్నాను. కోతులు చెట్టెక్కి ఓపిగ్గా కూర్చున్నాయి. ఎండ ముదిరింది. ఎలుగుబంటి తల తీసి పక్కన పెట్టి నీళ్ళు తాగింది. అంతే. గుంపంతా ఒక్కసారి దిగింది. చివరి కంకి పట్టుకున్న ముసలి కోతి చేను నడుమ కూర్చుని, తెరలోంచి నా వైపే చూస్తూ తీరిగ్గా ఒలుచుకు తిన్నది.

నన్ను ఎరిగినవాళ్ళు నా ముఖం చూస్తున్నారు. ముందుగా ఆట తయారుచేసినామె నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ తర్వాత హాలు హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది.

నాకు అవమానం అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. మా ఊరి మనిషి నలుగురి ముందు నన్ను నిజంగా ఓడించింది. మా వంశంలో ఎవరికీ దక్కనిది నాకు దక్కింది.

"ఇంకోసారి పెట్టండ్రి," అన్నాను.

ఓడాను. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ ఓడాను. నాలుగోది మొదలుపెట్టబోతుంటే నా విద్యార్థి దగ్గరికి వచ్చాడు.

"సార్, టైమయితుంది."

"మళ్ళీ ఆడాలనిపిస్తదా అని ఐదో అంశం ఉన్నది గదరా. అదే తేలుస్తున్న."

మార్కుల పత్రం తెప్పించుకుని, పాతవి కొట్టేసి, పక్కన సంతకం పెట్టి కొత్తవి వేశాను. ఆలోచనకు తొమ్మిది, కష్టానికి పది, మళ్ళీ ఆడాలనిపించడానికి పది. చప్పుళ్ళ ఆరు అట్లాగే ఉంచాను. బొమ్మల ఐదు కూడా అట్లాగే ఉంచాను, ఎందుకంటే ఆ మక్క ఎంత చూసినా చెరుకులాగే ఉంది. నలభై అయింది. మొత్తం నూట ఇరవై ఏడు. ఎవరి ముఖమూ చూడకుండా వేసిన మార్కులవి. పదకొండో నంబర్ మొదటిదని నేనే మైకులో చదివాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

బస్సు ఆట పెద్దవాడు అందరికన్నా ముందు వచ్చి ఆమెకు చెయ్యి ఇచ్చాడు. "అక్కా, నీ కోతులను మాత్రం మా బస్సు ఎక్కనియ్యకు," అన్నాడు. ఆమె లాప్‌టాప్ డబ్బాను పొట్టకు అదుముకుని నిలబడింది. పట్టుకుంటామన్నా ఎవరికీ ఇవ్వలేదు.

"బొమ్మలకు ఐదేనా సార్?" అని అడిగింది.

"మక్క ఆకు ఎట్లుంటదో చేన్ల నిలవడి చూడు. తర్వాత మాట్లాడుదాం."

"ఇగ దిద్దుత," అంది, డబ్బాను చూసుకుంటూ.

హాలు మెట్లు దిగుతుంటే, కూతురితో వస్తున్న ముసలాయన వెనక నుంచి పిలిచాడు.

"దొరా, ఒక్క మాట."

క్షమించమంటాడేమో అనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మూడో దినం గా కొండెంగను జరపొద్దుండె," అన్నాడు.

"ఎందుకు?"

"జరిపితె అది బొమ్మని కోతికి ఎరుకైతది. నిజం కొండెంగ మనం చెప్పిన కాడికి పోయి కూసుంటదా?"

"మరి పడమర దిక్కు ఎవరు కాయాలె?"

"డబ్బాలు."

"డబ్బాలు రెండో రోజే అయిపాయె గద."

"గదే మరి. తొందరపడ్డరు."

మా ఊరి మనుషులెవరూ నాకు ఆ మాట చెప్పలేదు, మా నాయనకు గాని తాతకు గాని చెప్పలేదు. "నువ్వు ఎన్నడన్న గెలిచినవా?" అని అడిగాను.

అతను కూతురి వైపు చూశాడు. "నాలుగుసార్లు," అన్నాడు.

"తొమ్మిదిసార్లు," అంది ఆమె.

"మరి నాలుగని ఎందుకు చెప్పినవ్?" అని అతన్ని అడిగాను.

"జర తగ్గించి చెప్పిన," అన్నాడు. ముగ్గురం నవ్వాం.

నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. పక్కన చోటు చూపించాను. "కూసో. ఎట్ల గెలిచినవో చూపియ్యి."

"బస్సు పోతది బాపు," అంది ఆమె.

"ఇంకోటి వస్తది తియ్యి," అంటూ అతను నా పక్కన కూర్చుని టాబ్ అందుకున్నాడు. మొదటి రోజు కోతులు తూర్పు నుంచి బయల్దేరాయి. గులేరు కొట్టమన్నాను.

"ఊకోండ్రి జర," అన్నాడు, తెర మీద నుంచి కన్ను తీయకుండా. "రానియ్యుండ్రి."